పాదం చెప్పదు, మనమే చూడాలి

(వృద్ధులను చూసుకునే కుటుంబాల వారి కోసం మా ఆసుపత్రి ఓ.పి. హాలులో స్టాఫ్ నర్సు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

మీలో చాలామంది ఇంట్లో పెద్దవాళ్ళను తీసుకుని తెల్లవారుజామునే బయలుదేరి వచ్చారు. కాబట్టి ఎక్కువ సేపు తీసుకోను. ఈ రోజు పాదాల గురించి నాలుగు మాటలు చెబుతాను. మొదట నా తప్పుతోనే మొదలుపెడతాను.

చాలా సంవత్సరాల క్రితం నేను వేరే చోట పనిచేస్తుండగా, ఆయాసంతో ఒక పెద్దాయన చేరారు. పత్తి, మిరప వేసే రైతు. షుగరు జబ్బు ఉంది. నాలుగు రోజులు వరుసగా నాదే డ్యూటీ. బి.పి. చూశాను, జ్వరం చూశాను, మందులు టైముకు ఇచ్చాను, అన్నీ చార్టులో రాశాను. ఆయన కాళ్ళ మీద దుప్పటి ఉంది. ఆ దుప్పటి ఒక్కసారి కూడా తీసి చూడలేదు. ఐదో రోజు పొద్దున పక్క మార్చడానికి వచ్చిన ఆయా, "సిస్టరమ్మగారూ, పెద్దాయన కాళ్ళ దగ్గర ఏదో వాసన వస్తంది" అంది. చూస్తే చిటికెన వేలికీ పక్క వేలికీ మధ్య సర్కారు తుమ్మ ముల్లు విరిగి ఉంది. చుట్టూ చీము. ముల్లు గుచ్చుకున్న సంగతి ఆయనకే తెలియదు. ముందు రెండు వేళ్ళు తీశారు. తరువాత మోకాలి కింద కాలు తీశారు. ఆయన కూతురు నన్ను అడిగింది: "రోజూ చూస్తూనే ఉన్నారు గదా సిస్టర్, కాళ్ళు ఎవరూ చూడలేదా?" నా దగ్గర సమాధానం లేదు.

పాదాల సంగతి మేము చదవలేదని కాదు. నర్సింగు డిప్లొమాలో చదివాం, పరీక్షలో రాశాం. రోజూ దుప్పటి తీసి చూసే అలవాటు మాత్రం రాలేదు. ఇది మన దగ్గరే కాదు. ఫిన్లాండు దేశంలో ఇళ్ళకు వెళ్ళి వృద్ధులను చూసే నర్సుల మీద పరిశీలన జరిపితే, అక్కడ కూడా పాదాల సంరక్షణ గురించి తెలియనివి ఉన్నాయని తేలింది. నర్సులకే ఇలా ఉంటే, ఇంట్లో పెట్టుకున్న పనిమనిషికి, ఆయాకు ఎవరు నేర్పారు? అందుకే మీతో చెబుతున్నాను.

నొప్పి లేకపోవడమే ప్రమాదం

షుగరు చాలాకాలం ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. మన ప్రాంతంలో దీనికి ఒక గుర్తు ఉంది. మడమలు పగిలిన మనిషి మిరపకాయల కల్లంలో నడిస్తే పగుళ్ళలో కారం పడి మంట పుట్టాలి. "నాకేమీ మంట లేదు" అంటే సంతోషించకండి. నడుస్తుండగా చెప్పు జారిపోయినా తెలియకపోవడం మరో గుర్తు. అలాంటివారికి పత్తి మోడు గుచ్చుకున్నా, రాత్రి ఎలుక కొరికినా తెలియదు.

ఈ సంగతి లోకానికి బాగా నేర్పిన వారిలో డాక్టర్ పాల్ బ్రాండ్ ఒకరు. ఆయన 1946లో వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రికి వచ్చారు. కుష్ఠు రోగుల పాదాలు వాటంతట అవే కుళ్ళిపోతాయని అప్పట్లో అనుకునేవారు. అసలు కారణం నొప్పి తెలియకపోవడమనీ, తెలియని దెబ్బల వల్లనే పుండ్లు పడుతున్నాయనీ ఆయన చూపించారు. ఆ పనిలో నుంచే మెత్తటి ఎం.సి.ఆర్. చెప్పులు వచ్చాయి. తరువాత అమెరికాలో అదే జ్ఞానం షుగరు రోగుల పాదాలకు కూడా ఉపయోగపడింది. పాదానికి నొప్పి తెలియనప్పుడు మన కళ్ళే ఆ నొప్పి పని చెయ్యాలి.

షుగరు వల్ల కాలు పోగొట్టుకున్న నూరు మందిలో సుమారు 85 మందికి ముందు వచ్చింది పాదం మీద పుండే. ఆ పుండు దగ్గరే ఆపగలిగితే చాలా కాళ్ళు నిలుస్తాయి.

రోజూ ఏం చూడాలి?

పెద్దవాళ్ళు వంగలేరు. కంటిలో శుక్లం ఉంటే కనబడదు కూడా. కాబట్టి ఇంట్లో ఒకరు ఈ బాధ్యత తీసుకోండి. రోజూ స్నానం అయ్యాక, వెలుతురులో కూర్చోబెట్టి, పై భాగం, అరికాలు, మడమ, ప్రతి రెండు వేళ్ళ మధ్య చూడండి. బొబ్బ, పగులు, ఎరుపు, నలుపు, వాపు, తడి, వాసన ఉన్నాయేమో గమనించండి. మెట్టెలు వాచిన వేలిలోకి దిగిపోతున్నాయేమో కూడా చూడండి.

ఇంట్లోనే చేసే స్పర్శ పరీక్ష

దీనికి పరికరం అక్కర్లేదు. పెద్దాయన్ను కళ్ళు మూసుకోమని చెప్పండి. తాకినట్టు తెలిస్తే కుడి, ఎడమ ఏదో చెప్పమనండి. మీ చూపుడు వేలి కొసతో కుడికాలి బొటనవేలు, చిటికెన వేలు, ఎడమకాలి బొటనవేలు, చిటికెన వేలు, ఆ తరువాత రెండు కాళ్ళ నడిమి వేళ్ళు వరుసగా తాకండి. ఒకటి రెండు సెకన్లు మెల్లగా తాకితే చాలు. నొక్కకూడదు, గుచ్చకూడదు, తెలియకపోతే మళ్ళీ తాకకూడదు. ఆరింటిలో రెండు గాని అంతకన్నా ఎక్కువ గాని తెలియకపోతే డాక్టరుకు చూపించండి.

చెయ్యవలసినవి, చెయ్యకూడనివి

1. గోరువెచ్చని నీళ్ళతో కడగండి. నీళ్ళ వేడిని మీ మోచేత్తో చూడండి, ఆయన పాదంతో కాదు. ఎక్కువ సేపు నానబెట్టవద్దు.

2. వేళ్ళ మధ్య మెత్తటి గుడ్డతో తడి తుడవండి. మడమలకు కొబ్బరినూనె లేక వాజలైన్ రాయండి. వేళ్ళ మధ్య మాత్రం రాయవద్దు.

3. గోళ్ళు అడ్డంగా తిన్నగా కత్తిరించండి. మూలలు లోతుగా తీయవద్దు. మందంగా, వంకరగా ఉన్న గోళ్ళను మా దగ్గరకు తీసుకురండి.

4. ఆనెకాయలను బ్లేడుతో కోయవద్దు. జిల్లేడు పాలు గాని, బజారులో అమ్మే ఆనెకాయల మందు గాని పెట్టవద్దు.

5. తిమ్మిర్లని ఉప్పు కాపడం, ఇటుక కాపడం పెట్టవద్దు. స్పర్శ లేని కాలు కాలినా తెలియదు.

6. ఇంట్లో కూడా చెప్పులు వేయించండి. వేసే ముందు చెప్పులో చెయ్యి పెట్టి రాయి, మేకు ఉన్నాయేమో చూడండి. సైజు పెద్దదైతే పెద్దవాళ్ళు జారిపడతారు, బిగుతైతే బొబ్బలు లేస్తాయి.

7. కోటప్పకొండ తిరునాళ్ళయినా, గుణదల మేరీమాత ఉత్సవమయినా, షుగరు ఉన్నవారిని కాలే నేల మీద వట్టి కాళ్ళతో నడిపించవద్దు. భక్తికి కాలు బలి ఇవ్వనక్కరలేదు.

8. చుట్ట, బీడీ మానిపించండి. పొగాకు వల్ల కాలికి రక్తప్రసరణ తగ్గుతుంది. రక్తం అందని పుండు మానదు.

మంచం పట్టినవారి సంగతి వేరు. మడమ రోజంతా పరుపుకు ఆనుకుంటే అక్కడ పుండు పడుతుంది. పిక్కల కింద దిండు పెట్టి, మడమ గాలిలో ఉండేట్టు చూడండి. దిండు మడమ కింద పెడితే ఉపయోగం లేదు.

ఎప్పుడు ఆగకూడదు?

పుండు, చీము, వాసన, నల్లబడిన వేలు, ఒక్క కాలే వాచి వేడిగా ఉండడం, జ్వరం. వీటిలో ఏది కనిపించినా పత్తి తీత అయ్యాక వెళదాం, కాయ అమ్మాక వెళదాం అనుకోవద్దు. ఆ రోజే రండి. పసుపు పెట్టి నాలుగు రోజులు చూద్దాం అనుకోవద్దు. నొప్పి లేదు గదా అని అసలే అనుకోవద్దు.

చివరిగా ఒక మనవి. వార్డులో గాని, ఓ.పి.లో గాని, "సిస్టర్, మా నాయన కాళ్ళు చూశారా?" అని మమ్మల్ని అడగండి. మొహమాటపడకండి. ఆ రోజు ఆ కూతురు నన్ను ఐదు రోజుల ముందు అడిగి ఉంటే ఎంత బాగుండేదో నేను ఇప్పటికీ అనుకుంటాను. ఇంట్లో మనిషిని పెట్టుకున్నవారు జీతం మాట్లాడేటప్పుడే పాదాలు చూడడం కూడా పనిలో చేర్చండి. ఎలా చూడాలో తెలియకపోతే ఆమెను ఇక్కడికి తీసుకురండి, మేమే నేర్పుతాం.

ప్రభువైన యేసు తన శిష్యుల పాదాలు కడిగిన సంగతి మీరు యోహాను సువార్తలో చదివే ఉంటారు. పాదాలు కడగడం తక్కువ పని కాదని ఆయన మనకు చూపించారు. మీరు ఏ మతం వారైనా, పెద్దల పాదాలకు దండం పెట్టడం మన అందరికీ తెలుసు. ఈ రాత్రి దండం పెట్టేటప్పుడు, ఆ వేళ్ళ మధ్య కూడా ఒకసారి చూడండి.

దేవుడు మిమ్మల్నీ మీ పెద్దలనూ దీవించును గాక.