విదేశములందు వేసవి వాణిజ్యవిద్య
(మహాసభయందు చేసిన యుపన్యాసము)



వర్తకము కులవృత్తిగా గల మనవారి బిడ్డలు పలువురు నేడు అమెరికాలో వాణిజ్యశాస్త్రము నభ్యసించుచున్నారు. వారిలో కొందఱు క్రైస్తవ విశ్వవిద్యాలయములందు చేరియున్నారు. అట్టి విద్యాలయములు వేసవిలో తమ విద్యార్థులను ఐరోపా మొదలగు దేశములకు గొనిపోయి కొన్నివారములు పాఠములు చెప్పుచుండును. ఇది విద్యయా, విహారమా, మతబోధయా యని తల్లిదండ్రులు సందేహించుచున్నారు. మన విద్యానిధినుండి ఇందులకు ధనమీయవచ్చునా యనునది నేటి సభ తేల్చవలసిన విషయము.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. 1923లో డెలవేర్ విశ్వవిద్యాలయము ఎనిమిదిమంది విద్యార్థులను ఫ్రాన్సుదేశమునకు పంపినది. పెప్పర్‌డైన్ విద్యాలయమును 1937లో లాస్ ఏంజిలిస్ నగరమున స్థాపించిన జార్జి పెప్పర్‌డైన్ మోటారుబండ్ల సామగ్రి నమ్మిన వర్తకుడు, భక్తుడైన క్రైస్తవుడు. ఆ విద్యాలయమువారు 1963లో జర్మనీలోని హైడెల్‌బర్గునందు తమ శాఖ నారంభించిరి. ఫ్లారెన్సునందును వారికి శాఖ గలదు.

వర్తకశాస్త్ర మభ్యసించువారికి ఫ్లారెన్సు తీర్థస్థానము వంటిది. 1397లో మెడిచి కుటుంబమువారు అచట స్థాపించిన కొఠీ దేశదేశముల శాఖలతో సుమారు నూఱేండ్లు నడచినది. ప్రతి పద్దును జమయందును ఖర్చునందును వ్రాయు లెక్కలపద్ధతిని లూకా పాచియోలీ యను సన్యాసి 1494లో వెనిస్ నగరమున అచ్చువేయించిన గ్రంథమున వివరించెను. చిట్టా, ఆవర్జా, హుండీలు ఎఱిగిన మన యింటి బిడ్డ దీనిని చూచినచో, తాతగారి లెక్కపుస్తకము విలువయు దానికి తెలియును.

ఇక మతవిషయము. టెక్సాసునందలి బేలర్ విశ్వవిద్యాలయము 1845లో బాప్టిస్టులు స్థాపించినది. అచట మొదటి పట్టమునకు చదువువారు క్రైస్తవమత విషయకములైన పాఠములను చదువవలెను. ప్రార్థనాసమావేశములకును హాజరు కావలెను. ఇది దాపరికము కాదు, నియమావళియందే యున్నది. అంగీకారము కానివారు చేరుటకు ముందే మానవలెను. చేరినపిదప నిందించుట న్యాయము కాదు. స్వధర్మమునందు నిలుకడ గలవాడు పరధర్మమును గూర్చి చదివినంతమాత్రమున చెడడు.

సముద్రయానము నిషిద్ధమని కొందఱు పెద్దలందురు. బౌధాయనుడు దానిని పాతకములలో లెక్కించిన మాట నిజమే. కాని సముద్రయానమున నేర్పరులైనవారు నిర్ణయించిన వడ్డీ చెల్లునని మనుస్మృతి చెప్పుచున్నది. ఓడవర్తకులు లేనిదే ఆ విధి యెట్లు పుట్టును? కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించి, తుపానునకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును అపహరింపక సుంకము మాత్రమే గైకొందునని దేశాంతర వర్తకులకు మాట యిచ్చెను. తెలుగువారికి సముద్రము పరాయిది కాదు.

అయినను జాగ్రత్తలు మూడు గలవు. మొదటిది, ఆ వేసవిపాఠములు పట్టమునకు లెక్కకు వచ్చునో రావో ముందుగా వ్రాతమూలముగా తెలిసికొనవలెను. రెండవది, మనదేశపు పాస్‌పోర్టుతో అమెరికాలో చదువువారికి జర్మనీ, ఇటలీలకు షెంగెన్ వీసాయు, లండనునకు వేఱు వీసాయు కావలెను. తిరిగివచ్చుటకు అమెరికా వీసాకు గడువుండవలెను. ఐ-20 పత్రముపై విద్యాలయాధికారి ప్రయాణపు సంతకము ఏడాదిలోపలిదై యుండవలెను. ఇది మఱచినవాని చదువే నిలిచిపోవచ్చును. మూడవది వ్యయము. విమానపు ఖర్చు, బస, బోధనరుసుము వేఱువేఱుగా లెక్కింపవలెను. ఏడాదికిచ్చు విద్యార్థివేతనము వేసవికి వర్తించునో లేదో విచారింపవలెను. ఇంటిని తాకట్టుపెట్టి ఆఱువారముల చదువునకు పంపుట వివేకము కాదు. ఆ కొలదికాలములో పరదేశపు వ్యాపారము కరతలామలకము కాదు. కన్నులు మాత్రము తెఱచుకొనును.

కావున పోషకమహాశయులకు నా విన్నపమిది. కలిగినవారి బిడ్డలకు మన నిధి అక్కఱలేదు. తెలివియుండి ధనము లేనివారికి, పైమూడు విషయములను విచారించి, వడ్డీలేని ఋణ మీయుడు. బాలురకును బాలికలకును భేదము చూపకుడు. వారు ఉద్యోగస్థులై ఆ సొమ్మును తీర్చినచో అది మఱియొకరికి దారిబత్తెమగును. తిరిగివచ్చినవారు మన వసతిగృహపు విద్యార్థులను కూర్చుండబెట్టి, తాము చూచినదానిని తెలుగున చెప్పవలెనని నియమము పెట్టుడు. అప్పుడు ఒకరి ప్రయాణము నూఱుమందికి విద్య యగును.