స్కూబా డైవింగ్: నిర్వాహకుణ్ణి ఎంచుకోవడం ఎలా?

జంషెడ్‌పూర్‌లోని మా టెల్కో కాలనీ తెలుగు కుటుంబాలు ఒకప్పుడు సెలవులకు సొంత ఊరికో, పూరీకో వెళ్లేవి. ఇప్పుడు చాలామంది టాటానగర్‌లో రైలెక్కి హౌరా చేరి, కోల్‌కతా నుంచి విమానంలో అండమాన్‌కు వెళుతున్నారు. అక్కడి పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అనీ, హావ్‌లాక్ దీవికి 2018లో స్వరాజ్ ద్వీప్ అనీ పేర్లు మార్చారు. స్వరాజ్ ద్వీప్‌లో దిగగానే కనిపించేవి స్కూబా డైవింగ్ బోర్డులే. ఎవరి దగ్గర దిగాలి? ఈ ప్రశ్నకు జవాబును మనం ఈ రోజు తెలుసుకుందాం.

ముందుగా ఇందులోని శాస్త్రం చూద్దాం. వీపున గాలి సిలిండర్ కట్టుకుని, రెగ్యులేటర్ ద్వారా శ్వాస తీసుకుంటూ నీటి అడుగున తిరగడమే స్కూబా. ఈ రెగ్యులేటర్‌ను 1943లో ఫ్రాన్స్‌లో కూస్తో, గాన్యాన్ అనే ఇద్దరు రూపొందించారు. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. అంటే 10 మీటర్ల దగ్గర పీడనం ఉపరితలం కంటే రెట్టింపు. అక్కడ ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెండింతలు కావడానికి ప్రయత్నిస్తుంది. ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చు. అందుకే నీటి అడుగున ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదు. ఇది మొదటి పాఠం. ఈ పాఠం చెప్పకుండా నీళ్లలోకి దింపేవాడి దగ్గర డబ్బు కట్టకండి.

ఇక నిర్వాహకుణ్ణి అడగవలసిన ప్రశ్నలు.

మొదటిది, మా వెంట ఎవరు వస్తారు? దుకాణంలో మాట్లాడేవారు వేరు, నీళ్లలో చేయి పట్టుకునేవారు వేరు. ప్యాడీ, ఎస్.ఎస్.ఐ. వంటి సంస్థలు శిక్షకులకు ధ్రువపత్రాలు ఇస్తాయి. ఆ కార్డు చూపించమని అడగండి. ప్యాడీ నియమాల ప్రకారం పరిచయ డైవ్‌కు కనీస వయసు 10 ఏళ్లు, గరిష్ఠ లోతు 12 మీటర్లు. సముద్రంలో ఒక శిక్షకుడి వెంట నలుగురికి మించి ఉండకూడదు. ఈత రానివారు, కొత్తవారు ఒక్కొక్కరికి ఒక్కొక్క శిక్షకుణ్ణి కోరడం మంచిది.

రెండవది, పరికరాల సంగతి. నిండు సిలిండర్‌లో పీడనం సుమారు 200 బార్లు ఉంటుంది. సిలిండర్ మెడ దగ్గర పరీక్ష జరిగిన తేదీ చెక్కి ఉంటుంది, చూడండి. గాలికి ఏ వాసనా ఉండకూడదు. నూనె వాసన గాని, పొగ వాసన గాని వస్తే ఆ సిలిండర్ వద్దనండి. కంప్రెసర్ గాలి పీల్చే చోటికి ఇంజను పొగ చేరితే కార్బన్ మోనాక్సైడ్ కూడా లోపలికి పోతుంది. దానికి వాసనే ఉండదు. మా కాలనీలో మోటారు కర్మాగారంలో పనిచేసినవారికి ఇది కొత్త సంగతి కాదు. అక్కడ గేజి చూడనిదే యంత్రం మీద చేయి వేయని మనిషి, ఇక్కడ భార్యాపిల్లల వీపున సిలిండర్ కట్టేటప్పుడు మాత్రం ఎంత తగ్గిస్తావని అడుగుతాడు!

మూడవది, ప్రమాదం జరిగితే ఏం చేస్తారు? పడవలో ఆక్సిజన్ ఉందా? అవసరమైతే ఏ ఆసుపత్రికి, ఎంతసేపట్లో తీసుకువెళతారు? మంచి నిర్వాహకుడు ఈ ప్రశ్నకు విసుక్కోడు. తడుముకోకుండా చెబుతాడు.

నాలుగవది, తిరుగు విమానం ఎప్పుడని వారే మిమ్మల్ని అడుగుతున్నారా? డైవ్‌లో రక్తంలోనూ కణజాలంలోనూ కరిగిన నత్రజని నెమ్మదిగా బయటికి పోవాలి. అది పోకముందే విమానమెక్కితే, తక్కువ పీడనంలో బుడగలుగా మారి ప్రమాదం తెస్తుంది. ఒకే డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువైతే కనీసం 18 గంటలు ఆగాలని నిపుణుల సలహా. కనుక డైవింగ్‌ను ప్రయాణంలో మొదటి రోజుల్లోనే పెట్టుకోండి.

ఐదవది, అన్నిటికంటే ముఖ్యమైనది, ఆరోగ్య పత్రం. ఇక్కడ నా అనుభవం ఒకటి చెబుతాను. మా అబ్బాయికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం. ఒక దుకాణంలో పత్రం నింపుతుంటే అక్కడివారు, "అన్నిటికీ లేదు అని రాసేయండి సార్, అందరూ అలాగే రాస్తారు" అన్నారు. ధర కూడా తక్కువే. మావాడు నా వైపు ఆశగా చూశాడు. నా పెన్ను కాసేపు ఆగిన మాట నిజం. కాని ఉబ్బసంలో శ్వాసనాళాలు మూసుకుంటే గాలి లోపలే చిక్కుకుంటుంది. పైకి వచ్చేటప్పుడు అది వ్యాకోచిస్తుంది. ఇందాక చెప్పుకున్న ప్రమాదమే ఇది. మేము లేచి మరొక చోటికి వెళ్లాం. అక్కడి శిక్షకురాలు పత్రం చదివి, డాక్టరు అనుమతి పత్రం లేనిదే అబ్బాయిని దింపనన్నది. వాడు రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. నేనూ, మా ఆవిడా దిగాం. వాడు ఒడ్డున కూర్చున్నాడు. తిరిగి వచ్చాక ఛాతీ వైద్యుణ్ణి కలిసి పరీక్షలు చేయించాం. ఆయన కూడా వద్దన్నారు.

ఆ రోజు మాకు 'కుదరదు' అని చెప్పి ఒకరి రుసుము వదులుకున్న ఆ శిక్షకురాలి మీదనే నాకు నమ్మకం కుదిరింది. సముద్రం అలజడిగా ఉంటే డైవ్ రద్దు చేసేవారు, పగడాలను ముట్టుకోవద్దని ముందే హెచ్చరించేవారు కూడా ఇలాంటివారే. పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నదని గుర్తుంచుకోండి.

కాబట్టి ధర అడిగే ముందు ఈ ఐదు ప్రశ్నలూ అడగండి. జవాబులు నచ్చకపోతే ఒడ్డునే ఉండిపోండి. సముద్రం వచ్చే ఏడాదీ అక్కడే ఉంటుంది.