ఆట కాగితం మీద సంతకం

(గోరంట్ల దగ్గర ఒక పల్లెలో, సాయంకాలం చదువు కేంద్రంలో చెప్పిన మాటలు)



ఈ రోజు పలక పక్కన పెట్టండి. ఆటల గురించి మాట్లాడుకుందాం. కరెంటు ఉన్నంతసేపే మాట్లాడతాను.

చిన్నప్పుడు మీరంతా ఆడినారు. తొక్కుడుబిళ్ల ఆడినారు. అచ్చనగాయలు ఆడినారు. మరి ఎప్పుడు మానేసినారు? పెద్దమనిషి అయినప్పుడు అని కొందరు అంటారు. పెళ్లి అయినప్పుడు అని కొందరు అంటారు. ఇష్టం లేక మానేసినా అనే వాళ్లు మీలో ఒక్కరూ లేరు.

నేను కూడా అంతే. పదో తరగతిలో ఖోఖో మానేసినా. నలుగురూ చూస్తారు, వద్దు అని ఇంట్లో అన్నారు. మా అన్న మాత్రం వాలీబాల్ ఆడుతూనే ఉండె. వాని బనియన్లు ఉతికింది నేనే. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

ఆటలు చూసుకోడానికి ప్రభుత్వంలో ఒక శాఖ ఉంది. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగినాయి. ఆ ఏడే క్రీడల శాఖ పెట్టినారు. 1985లో యువజనుల పని కూడా దానితో కలిపినారు. అంతకుముందే, 1972లో, నెహ్రూ యువ కేంద్రాలు మొదలైనాయి. పల్లెల్లో యువజన సంఘాలు, మహిళా మండళ్లు పెట్టించడం వాటి పని. మన రాష్ట్రంలో 2023 డిసెంబరు 26న ‘ఆడుదాం ఆంధ్రా’ మొదలైంది. పదిహేనేళ్లు దాటిన వాళ్లు ఎవరైనా పేరు ఇయ్యచ్చు అన్నారు. ‘నా పేరు రాసుకో’ అని ఒక అవ్వ అనింది. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా. తర్వాత సిగ్గు అనిపించింది.

యువజనుల సభల్లో కుటుంబ విలువలు అని చాలా చెప్తారు. తాగద్దు, పెద్దల మాట వినండి అంటారు. మంచిదే. నేను ఒకటి అడుగుతా. ఊరికి ఒక బంతి వస్తే ఎవరి చేతికి పోతుంది? మగపిల్లల చేతికి. ఆ టైములో ఆడపిల్ల చేతిలో ఏముంటుంది? బిందె ఉంటుంది. మన సీమలో నీళ్ల కష్టం మీకు నేను చెప్పాల్నా? అన్న ఒక్క బిందె తెస్తే చెల్లెలు అరగంట ఆడుకుంటుంది. నా లెక్కలో కుటుంబ విలువ అంటే అదే.

కరణం మల్లీశ్వరి పేరు విన్నారా? శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట పిల్ల. బరువులు ఎత్తే ఆట ఆమెది. బక్కగా ఉంది, పనికిరాదు అని మొదట పక్కన పెట్టినారు. వాళ్లమ్మ ఊరుకోలేదు. బిడ్డకు ధైర్యం చెప్పింది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మల్లీశ్వరి ఒకసారి 110 కిలోలు, ఇంకోసారి 130 కిలోలు ఎత్తింది. బియ్యం మూట 50 కిలోలు అనుకోండి. రెండున్నర మూటలు తల మీదికి ఎత్తినట్టు! కంచు పతకం వచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమే.

అంత దూరం ఎందుకు? నార్పల మండలం బండ్లపల్లి ఉంది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పని మొదలుపెట్టిన ఊరు. గడ్డపార పట్టిన వాళ్లకు ఆ పేరు తెలిసే ఉంటుంది. ఆ ఊరి పిల్ల బారెడ్డి అనూష 2023లో బంగ్లాదేశ్ పోయి మన దేశం తరపున క్రికెట్ ఆడింది. 2025 జనవరిలో ఢిల్లీలో ఖోఖో ప్రపంచ కప్పు మొదటిసారి పెట్టినారు. మన ఆడపిల్లలు నేపాల్ మీద గెలిచి కప్పు తెచ్చినారు. మనం వీధిలో ఆడిన ఖోఖోనే!

అందరూ దేశానికి ఆడరు. ఆ ఆశ పెట్టుకోవద్దు. కానీ నేను చూసినంతలో, ఆటకు వచ్చే పిల్ల బడి మానదు. బడికి పోయే పిల్లకు పద్దెనిమిది నిండకముందే పెళ్లి చేయాలంటే ఇంట్లో వాళ్లు కొంచెం వెనకాడతారు.

మీ భయాలు నాకు తెలుసు. అవి ఉత్త భయాలు కావు. అందుకే పంపేముందు అడగండి. లేడీ టీచరు వెంట వస్తుందా? రాత్రి ఎక్కడ పండుకుంటారు? మరుగుదొడ్డి ఉందా? నెలసరి వస్తే ఎవరు చూసుకుంటారు? సిగ్గు పడకుండా అడగండి. జవాబు సరిగ్గా లేకుంటే పంపద్దు.

ఇప్పుడు అసలు సంగతి. మన ఊరి పిల్ల ఒకటి, తొమ్మిదో తరగతి, ఖోఖోకు ఎంపికైంది. శనివారం పుట్టపర్తికి పోవాల. పైన అడగమన్నవన్నీ నేను బడిలో అడిగినా. లేడీ టీచరు వస్తుంది. సాయంత్రానికి తిరిగి వస్తారు. కాగితం మీద ఇంటి పెద్ద సంతకం కావాల. వాళ్ల నాన్న బెంగుళూరులో కూలి పనిలో ఉన్నాడు. ‘ఆయన వస్తే చూద్దాం’ అని తల్లి నాతో అనింది. ఆయన పండక్కు గానీ రాడు.

ఆ తల్లి ఇప్పుడు ఇక్కడే కూర్చోనుంది. పేరు చెప్పను. చదువుకు వచ్చిన మొదటి రోజు ఆమె వేలిముద్ర వేసింది. పోయిన వారం తన పేరు తప్పు లేకుండా నాలుగుసార్లు రాసింది. తల్లి సంతకం చెల్లుతుందా అని హెడ్మాస్టరును అడిగినా. చెల్లుతుంది అన్నాడు.

కాగితం నా సంచిలో ఉంది. ఎవరూ ఆమెను తొందర పెట్టద్దు. శుక్రవారం సాయంత్రం దాకా టైము ఉంది. అంతలోపల బడి వెనక కంప కొట్టాల. పిల్లలు అక్కడ పరుగెత్తాల కదా. రేపు వచ్చేటప్పుడు కొడవళ్లు తెచ్చుకోండి.