వైద్యానికి వేసే తూకం

 



దివ్య ఖుర్ఆన్‌లోని 83వ సూరా పేరు ‘అల్ ముతఫ్ఫిఫీన్’. తూనికల్లో, కొలతల్లో తగ్గించేవారని దాని అర్థం. తమకు రావలసింది నిండుగా కొలిపించుకొని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని ఆ సూరా తీవ్రంగా హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక అంగడిలోని త్రాసుకు మాత్రమే అని మనం సాధారణంగా అనుకుంటాము. ఈ జుమా నాడు మరొక త్రాసును గూర్చి ఆలోచిద్దాం. అది ప్రభుత్వ వైద్యాన్ని తూచే త్రాసు. దాని ఒక పళ్లెంలో రోగి ఉంటాడు, రెండవ దానిలో ఖర్చు ఉంటుంది.

ఖర్చును లెక్కించడమే పాపమని మనం అనరాదు. ఏ బొక్కసమూ అపారం కాదు. ఒక రోగికి వెచ్చించిన ధనం మరొక రోగికి అందదు. బ్రిటన్‌లో 1999లో ఏర్పడిన ‘నైస్’ అనే సంస్థ కొత్త మందుల విలువను ఇలాగే తూచుతుంది. రోగికి అదనంగా లభించే ఒక ఆరోగ్యవంతమైన సంవత్సరానికి 20 వేల నుండి 30 వేల పౌండ్ల వరకు వెచ్చించవచ్చునన్నది అది చాలాకాలం పాటించిన కొలత. ఆ కొలతపై అక్కడ వివాదాలు లేకపోలేదు. అయినా నిర్ణయాన్ని, దాని కారణాలను ఆ సంస్థ బహిరంగంగా ప్రకటిస్తుంది. అభ్యంతరం చెప్పుకొనే మార్గమూ ఉంది.

మన ప్రాంతంలోనూ తూకం ఉంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ ప్రారంభమైంది. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబర్ 9న కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు. ఎందరో పేదలకు గుండె శస్త్రచికిత్సలు, క్యాన్సర్ చికిత్సలు ఈ పథకం వల్లనే సాధ్యమయ్యాయి. ఆ మేలును కాదనడం కృతఘ్నత అవుతుంది. అయితే ఈ పథకం ముఖ్యంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సల జాబితాపై నిర్మితమైనది. ఆసుపత్రి గడప వరకు చేరలేని మనిషికి 10 లక్షలైనా, 2 లక్షలైనా ఒక్కటే.

సోదరులారా! గోదావరి ఒడ్డున, మన అడవి అంచున ఈ మాట ఎంత నిజమో చూడండి. పోలవరం ప్రాజెక్టు నిమిత్తం 2014లో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. భద్రాచలం పట్టణం తెలంగాణలోనే మిగిలింది. చింతూరు, కూనవరం, ఎటపాక ప్రజలు రోగం వస్తే భద్రాచలం ఏరియా ఆసుపత్రికి వస్తుంటారు. ఛత్తీస్‌గఢ్ వైపు నుండి కూడా రోగులు అక్కడికే వస్తారు. జ్వరానికి రాష్ట్ర సరిహద్దు తెలియదు. కార్డుకు మాత్రం తెలుసు. 2005 తరువాత బస్తర్ అలజడి నుండి తప్పించుకొని మన అడవుల్లో గూడేలు కట్టుకొన్న గొత్తికోయల స్థితి మరీ దయనీయం. పత్రాలు లేని మనిషికి పథకాల తలుపు తెరుచుకోవడం కష్టం. వానాకాలంలో వాగు పొంగితే గర్భిణిని డోలీలో మోసుకురావలసిన గూడేలు ఇంకా ఉన్నాయి.

కోయ సోదరులలో కనిపించే సికిల్ సెల్ రక్తవ్యాధినే తీసుకోండి. దాని నిర్మూలనకు 2023 జూలై 1న జాతీయ మిషన్ ప్రారంభమైంది. రక్తపరీక్ష, ఏళ్ల తరబడి వాడవలసిన మాత్రలు, అవసరమైనప్పుడు రక్తం ఎక్కించడం ఆ రోగికి కావాలి. పెద్ద శస్త్రచికిత్సలతో పోలిస్తే మాత్రల ఖరీదు స్వల్పమే. కానీ ఆ మాత్ర కోసం పోగొట్టుకొనే కూలి, బస్సు ఛార్జీ, కాలినడక ఎవరి లెక్కలోనూ చేరవు. భద్రాచలంలో కుదరక ఖమ్మం వెళ్లమంటే మరో 120 కిలోమీటర్ల దూరం. అతనికి వైద్యం నిరాకరించినట్లు ఏ కాగితంపైనా ఉండదు. అయినా వైద్యం అందదు. తూకంలో తగ్గించడమంటే ఇదే.

హిజ్రీ 18లో అరేబియాను కరువు పీడించినప్పుడు ఖలీఫా ఉమర్ (రజి) ఏం చేశారో గుర్తు తెచ్చుకుందాం. ప్రజలకు మంచి రోజులు వచ్చేదాకా తాను నెయ్యి ముట్టనన్నారు. పరిమితిని మొదట తన పళ్లెంపైనే విధించుకొన్నారు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ నిర్మించిన ఆసుపత్రి వక్ఫ్ ఆదాయంతో నడిచింది. ధనిక, పేద భేదం లేకుండా అందరికీ అక్కడ చికిత్స లభించేది. కొరత నాడు కొలత ఉండవచ్చు. అయితే ఆ కొలత వేసేవారికీ వర్తించాలి, అందరికీ తెలియాలి, నోరులేనివాని వాటాను ముందుగా పక్కన పెట్టాలి. న్యాయమైన తూకానికి ఇవే గుర్తులు.

మరి మన బాధ్యత ఏమిటి? చికిత్సా ఖర్చులను ప్రభుత్వమే భరించాలని అడగడం మన హక్కు. ఆసుపత్రి బయటి ఖర్చును పంచుకోవడం మన ధర్మం. సదఖాకు మతభేదం లేదు. ప్రతి మస్జిద్ కమిటీ రోగుల ప్రయాణానికి, సహాయకుని భోజనానికి కొంత నిధిని కేటాయించాలి. చదువుకొన్న యువకులు వారానికొక పూట ఆసుపత్రిలో నిలబడి, కార్డులు, దరఖాస్తులు తెలియని గిరిజన కుటుంబాలకు తోడ్పడాలి. ఆరోగ్యవంతులు రక్తదానానికి ముందుకు రావాలి. పలుకుబడితో మన వరుసను ముందుకు జరుపుకొనే అలవాటును మానుకోవాలి. మనం అడ్డదారిలో పొందిన ప్రతి మంచం వెనుక, వరుసలో నిలబడి ఉన్న మరొక రోగి ఉన్నాడు. ప్రళయదినాన ఆ రోగి మనల్ని ప్రశ్నిస్తే ఏమని బదులిస్తాం?

ఓ అల్లాహ్! వ్యాధిగ్రస్తులందరికీ స్వస్థతను ప్రసాదించు. అధికారం ఉన్నవారి చేతిలోని త్రాసును సరిగా నిలుపు. మా చేతిలోని చిన్న త్రాసును కూడా వంకర పోనీయకు. ఆమీన్!