పురుగును తినే మొక్కలు
(బ్రహ్మంగారిమఠం ప్రాంత రైతులకు చేసిన ప్రసంగ పాఠము)



పురుగు మొక్కను తినడం మీరు ఏటా పడే బాధయే. మొక్కయే పురుగును తినడం కూడ కలదు. దానిని చూచుటకు దూరదేశాలు పోనక్కరలేదు. బ్రహ్మంసాగరం నీరు పారే వరిమళ్ళలో గాని, చెరువు అంచున గాని, వేరు లేక తేలుతూ నీటిపైకి పసుపు పూలు నిలబెట్టే నారవంటి మొక్క కనిపిస్తే పైకి తీసి చూడండి. ఆకుల మధ్య ఆవగింజలవంటి తిత్తులుంటే అది యుట్రిక్యులేరియా. తిత్తి తనలోని నీటిని బయటకు తోడివేసి, మూత బిగించుకొని ఉంటుంది. మూత వద్ద ఉన్న వెండ్రుకను ఏ నీటిపురుగో తాకగానే మూత లోనికి తెరచుకొని, నీటితోపాటు పురుగును పీల్చుకొంటుంది. ఇందుకు పట్టే కాలం సుమారు సెకనులో వెయ్యవవంతు!

రెండవది డ్రాసెరా. కొండవాలున నీరూరే గరప నేలలో, రూపాయి బిళ్ళంత వెడల్పున, ఎర్రగా నేలకు అంటుకొని ఉంటుంది. ఆకుమీది నూగు చివర మంచుబొట్టు వంటి జిగురు ఉంటుంది. చీమ చిక్కితే నూగు వంగి దానిని కప్పివేస్తుంది. తరువాత ఊరే పుల్లని రసం, మన కడుపులో వలెనే, మాంసకృత్తులను కరగిస్తుంది. పెంకు మాత్రం మిగులుతుంది. డార్విన్ 1875లో ప్రకటించిన గ్రంథంలో ఈ పరీక్షలు వివరించాడు. పాలు, మాంసరసం, మూత్రం వేస్తే ఆకు ముడుచుకొన్నది. పంచదార నీటిని, నూనెను లక్ష్యపెట్టలేదు. అనగా దాని ఆకలి నత్రజని కొరకే. పిండిపదార్థాన్ని ఎండలో అదే తయారు చేసుకొంటుంది.

మీ చేలలోని కుక్కవామింటకు కూడ దోమలు అంటుకొని చస్తవి. అయితే అంటుకొన్నంత మాత్రాన తిన్నట్లు కాదు. అరిగించుకొనే రసం ఉండవలెను.

వీటిని గట్లపై పెంచితే పురుగుమందు ఖర్చు తప్పదా అని మీరడుగవచ్చు. తప్పదు. కాండం తొలిచే పురుగు వీటికి దొరకదు. పైగా ఎరువు వేసిన నేలలో ఇతర కలుపు ఏపుగా పెరిగి డ్రాసెరాను అణచివేస్తుంది. మడిలో యుట్రిక్యులేరియా కొద్దిగా ఉంటే కూలి ఖర్చు పెట్టనక్కరలేదు. తూముకు అడ్డుపడితే చేతితో లాగివేయండి.

డ్రాసెరా మీ పొలంలోనే మొలిస్తే మాత్రం ఉపేక్షించరాదు. అచ్చట నీరు నిలిచి, నత్రజని చాలక ఉండవచ్చును. ఆ చోటి మట్టిని మిగిలిన పొలం మట్టితో కలపక, వేరే సంచిలో భూసార పరీక్షకు పంపండి.