ఎనిమిదవ సర్వరు



1998వ సంవత్సరమున హైదరాబాదు మాదాపూరునందు సైబర్ టవర్స్ అను భవనము తెఱవఁబడినది. దాని చుట్టును పెరిగిన పేటయే నేఁటి హైటెక్ సిటీ. అచ్చట నా మనుమఁడు కొలువు చేయుచున్నాఁడు. వాని పనిలో నొక భాగము చెత్త యూడ్చుటయే యని విని మొదట నేను నొచ్చుకొంటిని.

ఆ చెత్త యెట్టిదో వినుఁడు. బ్యాంకు లెక్కయో రైలు టిక్కెట్టో మనము సెల్ ఫోనునఁ జూచునపుడు బదులు చెప్పు యంత్రమును సర్వరందురు. లక్షల మందికి నొక్కటి చాలదు గావున కొన్నిటిని కూటముగాఁ గట్టుదురు. దానికి క్లస్టరని పేరు. సంతర్పణలో విస్తరి చూపించు పెద్దమనిషివలె ముందొక యంత్రము నిలిచి, వచ్చినవారిని తలా యొకదాని కడకుఁ బంపుచుండును.

ప్రోగ్రాము మాఱినపుడు క్రొత్తదానిని ప్రతి సర్వరునందును పెట్టవలెను. అయితే పని త్వరగా జరుగుటకై ప్రతి సర్వరును పాత ప్రోగ్రామునుండి కొన్ని దస్త్రములను తయారుచేసి దాఁచుకొనియుండును. వానిని తీయక క్రొత్తది పెట్టుట, నిన్నటి పులుసుగిన్నెను కడుగక నేఁడు పాయసము పోయుట వంటిది. ఒకే ప్రశ్నకు నొక సర్వరు క్రొత్త జవాబును, ప్రక్కది పాత జవాబును చెప్పును.

కావున నొక్కొక్క సర్వరునకు క్రొత్తవారిని పంపుట మాని, ఉన్నవారి పని ముగియనిచ్చి, దానిని నిలిపి, ఆ దస్త్రములను తుడిచి, క్రొత్తది పెట్టి, మరల నడపి, సరిగాఁ బలుకుచున్నదని తేలిన పిమ్మటనే రెండవదాని కడకుఁ బోదురు. ఈ క్రమమంతయు యంత్రమే చేయునట్లు ముందుగా వ్రాసిపెట్టిన వ్రాఁతయే స్క్రిప్టు.

మనుష్యుఁడే చేసిన నేమి యందురా? 2012 ఆగస్టు 1వ తేదిన అమెరికాలో నైట్ క్యాపిటల్ అను వాటాల వ్యాపారసంస్థకు నేమయ్యెనో చూడుఁడు. వారి సర్వరులు ఎనిమిది. ఏడింటఁ గ్రొత్త ప్రోగ్రామును పెట్టి యెనిమిదవదానిని మఱచిరి. వాడుక మానియుఁ దొలఁగింపని పాత ప్రోగ్రాము అందుఁ బడియున్నది. ఆ యుదయమది మేల్కొని, దాదాపు 45 నిమిషములలో 40 కోట్ల డాలర్లకు మించిన నష్టము తెచ్చెను.

అట్లని స్క్రిప్టు నిర్దోషి కాదు. ఫలానా అరలోనివన్నియుఁ దుడువుమని వ్రాసినచోట ఆ యర పేరు ఖాళీగా నుండెనా, అది వెనుకముందులు చూడక సమస్తమును తుడిచివేయును. మా వాని తొలి కొలువులో నొకరాత్రి యిట్లే జరిగినది. పరీక్షకై యుంచిన సర్వరు గనుక బ్రదికిపోయిరి. నాఁటినుండి వాఁడు, పేరు ఖాళీయైన నాగిపొమ్మని మొట్టమొదటనే వ్రాయును. దస్త్రములను వెంటనే తుడువక ప్రక్కకుఁ దీయించి, అంతయు కుదిరిన మఱునాఁడు తుడిపించును.

ఇదంతయు జనము తక్కువగా వచ్చు రాత్రివేళ నడచును. తెల్లవాఱి వాఁడు కన్నులెఱ్ఱగా నింటికి రాఁగా, బడిలో హాజరు పిలిచిన యలవాటు చొప్పున నేనడుగుదును: "ఏమిరా, ఎనిమిదవది లేచినదా?"