సన్నసెగ వంట: ఇంటిల్లిపాదికి ఉలవల పులుసు



శబ్దములు, సమాసములు చెప్పుకొనవలసిన పండితుడు వంటను గూర్చి ప్రసంగించుట యేమని పెద్దలు కొందరు నవ్వవచ్చును. కాని మన పూర్వులు పాకమును శాస్త్రముగనే యెంచిరి. నలుడును భీముడును ఆ విద్యలో ప్రసిద్ధులు. కావ్యపు రుచిని నిర్ణయింపవలసి వచ్చినప్పుడు లాక్షణికులు ద్రాక్షాపాకము, నారికేళపాకము అనియే పేరులు పెట్టిరి. కావున వంటయింటి మాట పండితునకు పరాయిది కాదు. నేడు నేను చెప్పదలచినది ఒక్క కుండను గూర్చి: తక్కువ నూనెతో, సన్నని సెగపై, చాలసేపు ఉడికి, ఇంటిల్లిపాదికి చాలునట్టి కారపు పులుసును గూర్చి.

మన కోనసీమలో ఏబది యేండ్లు దాటినవారికి దాలి యనుమాట తెలియనిది కాదు. పెరటిలో చిన్న గుంట. అందులో పిడకలు, ఊక, కొబ్బరిపీచు. అవి రాజుకొన్న పిమ్మట పైన కొంత బూడిద కప్పి, దానిమీద పాలకుండ. బూడిద గాలి నడ్డగించును గనుక నిప్పు భగ్గున మండదు, త్వరగా ఆరిపోదు. ఉదయమున పెట్టిన పాలు సాయంకాలమునకు ఎఱ్ఱనై మీగడ కట్టును. ఆ సెగమీదనే ఉలవలును ఉడికెడివి. ఉడికిన గుగ్గిళ్ళు ఎడ్లకు పెట్టి, పైకట్టుతో ఇంటివారు చారు కాచుకొనుట ఆంధ్రదేశమున పలుచోట్ల నుండిన యాచారము. అనగా గింజ యెద్దునకు, నీరు యజమానికి! ఈ పంపకములో ఎవరు తెలివిగలవారో శ్రోతలే నిర్ణయింపవచ్చును.

సన్నసెగలోని కీలకము తెలిసికొనదగినది. నీరు నూరు డిగ్రీలకడ మరగును. అటుపిమ్మట మంట నెంత పెంచినను మూత తీసిన గిన్నెలోని నీరు అంతకుమించి వేడెక్కదు; ఆవిరియై పోవును, వంటచెరకు వ్యర్థమగును. గింజ మెత్తబడుటకు కావలసినది మంట యుద్ధతి కాదు, వేడి నిలకడ. మట్టికుండ మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారును. నిదానమే ప్రధానమను సామెత యిచ్చట అక్షరాల చెల్లును.

ఈ మర్మము మనకొక్కరికే తెలిసినది కాదు. అమెరికాలో అర్వింగ్ నాక్సన్ అను ఆవిష్కర్త 1940 సంవత్సరమున విద్యుత్తుతో సన్నసెగ నిచ్చు కుండకు పేటెంటు పొందెను. లిథువేనియా దేశమున యూదులు విశ్రాంతిదినమునకు ముందు సాయంకాలము గింజల కూరను రొట్టెలవాని పొయ్యిలో నుంచి, రాత్రియంతయు ఆరిపోవు పొయ్యి వేడికే ఉడుకనిచ్చెడివారట. తల్లి చెప్పిన ఆ మాటయే యతనికి మూలము. 1971 నుండి ఆ యంత్రము క్రాక్‌పాట్ అను పేర ఇల్లిల్లు చేరినది. అచ్చటివారు అందులో చేయు వంటలలో చిల్లీ యొకటి; మాంసము, మిరపకాయలు, పెక్కుచోట్ల చిక్కుడుజాతి గింజలును చేర్చిన చిక్కని కూర. టెక్సాస్ రాష్ట్రము 1977లో దానిని తన రాష్ట్రవంటకముగా ప్రకటించినది. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల బిడ్డలనేకులు విదేశములలో ఉన్నారు గనుక వారి తలిదండ్రులకు ఈ మాట కొంత ఉపయోగపడును.

మిరపకాయయు ఆ ఖండము బిడ్డయే. పోర్చుగీసువారి రాకకు పూర్వము, అనగా 1498కి ముందు, అది మన దేశమున లేదు. శ్రీనాథుడు ఎన్ని విందులు గుడిచినను మిరపకాయ రుచి యెరుగడు. ఆనాటి కారము మిరియముదే. పరదేశపు కాయను మనము ఆవకాయకు ఆధారముగా చేసికొంటిమి గదా. అట్లే అచ్చటివారి చిల్లీని మన ఉలవలతో పోల్చి చూచుటలో తప్పు లేదు.

ఇక ఇప్పుడే ఈ ప్రసంగ మేలయన్నచో వినుడు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసిన పిమ్మట మన సీమ వరికి పుట్టినిల్లైనది. దినమెల్ల దుక్కిదున్ని, గట్లు వేసి, కోసులకొలది నడచినవారికి రెండుపూటల అన్నపురాశి జీర్ణమయ్యెడిది. నేడు ఎడ్లు తగ్గి ట్రాక్టర్లు వచ్చినవి. నడక పోయి మోటారుబండి వచ్చినది. కాని పళ్ళెములోని రాశి తగ్గలేదు. పోపుగరిటెలో నూనె పెరిగినది. మధుమేహము, రక్తపుపోటు లేని యిల్లు అరుదగుచున్నది. తాతకొక వంట, మనుమనికొక వంట, కోడలు మిగిలినదానితో సరిపెట్టుకొనుట. ఇది యింటికి మేలు కాదు. అందరును ఒక్క కుండనుండి తినగల వంట యుండవలెను.

ఉలవలు అందులకు తగినవి. నూరు గ్రాముల ఉలవలలో మాంసకృత్తులు ఇంచుమించు 22 గ్రాములు. క్రొవ్వు ఒక గ్రామునకు లోపే. ఇనుమును పీచును గలవు. ఆయుర్వేదము దీనిని కుళుత్థమని పేర్కొని, ఉష్ణవీర్యమని, కఫవాతహరమని చెప్పినది. కావున పైత్యశరీరులు మితముగా పుచ్చుకొనవలెను. మూత్రపిండముల వ్యాధి గలవారు వైద్యు నడిగియే తినవలెను.

ఆరుగురికి ప్రమాణము చెప్పెదను. ఉలవలు 300 గ్రాములు. మట్టిబెడ్డలుండును గనుక ఏరి, రెండుమూడు నీళ్ళు కడిగి, రాత్రి నానబెట్టవలెను. ఉదయము ఆ నీరు పారబోసి, రెండు లీటర్ల మంచినీటితో పావుగంట బాగుగా మరుగనిచ్చి, నురుగు తీసి, మూతపెట్టి, సన్నసెగపై గింజ వ్రేళ్ళనడుమ నలుగువరకు, సుమారు మూడు గంటలు, ఉంచవలెను. నీరు తగ్గినచో వేడినీరే చేర్చవలెను. గింజ మెత్తబడకముందు చింతపండుగాని టమాటాగాని వేయరాదు; పులుపు తగిలిన గింజ ఎంతసేపటికిని బిరుసుగనే యుండును. పెక్కు ఇండ్లలో ఉలవలు ఉడుకకుండుటకు కారణ మిదియే.

గింజ మెత్తబడిన పిమ్మట నాలుగవవంతు తీసి మెదిపి తిరిగి కలిపినచో పులుసు తనంతనే చిక్కబడును. నూనెతో గాని పిండితో గాని పనిలేదు. రెండు ఉల్లిపాయలు, ఒక చిప్పెడు గుమ్మడిముక్కలు, రెండు టమాటాలు, నిమ్మకాయంత చింతపండు రసము చేర్చవలెను. ఆరు ఎండుమిరపకాయలు, రెండు చెంచాల ధనియాలు, ఒక చెంచా జీలకర్ర, కొన్ని మిరియాలు నూనెలేక వేయించి దంచి వేయవలెను. చిన్నపిల్లల పాలు కారము వేయకముందే వేరుగా తీయవచ్చును. ఉప్పు చెంచాన్నర. మరి ముప్పావుగంట సన్నసెగ. తుదకు రెండు చిన్నచెంచాల నూనెతో ఆవాలు, కరివేపాకు, కావలసినవారు వెల్లుల్లితో పోపు. పులుపు గలది గనుక కళాయి లేని ఇత్తడిగిన్నెలో దీనిని వండరాదు. లెక్క చూచినచో ఒక్కొక్కరికి మాంసకృత్తులు 11 గ్రాములు; నూనె రెండు మిల్లీలీటర్లకు లోపు.

ఇందు కొబ్బరి లేదేమని కోనసీమవారు అడుగకమానరు. కొబ్బరి మన కల్పవృక్షమే, కాదనువాడను కాను. కాని దానిలోని క్రొవ్వు గట్టిజాతిది. అది పచ్చడికి పండుగకు ఉండనిండు, దినవెచ్చపు పులుసునకు వలదు. ఉప్పును అట్లే. దినమునకు మనిషికి అన్ని వంటలలోను కలిపి 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఈ పులుసు పోసికొన్ననాడు ఊరగాయ జాడీని అటకమీదనే యుంచుట మేలు.

మరల పొగపొయ్యికి పొమ్మని నేను చెప్పుటలేదు. ఆ పొగ మన తల్లుల కన్నులను ఊపిరితిత్తులను ఎట్లు బాధించెనో మనమెరుగుదుము. 1999లో దీపము పథకము, 2016లో ఉజ్జ్వల పథకము గ్యాసును పల్లెలకు తెచ్చినవి, అది మేలే. గ్యాసు ఖర్చు తగ్గింపగోరువారు ఉలవలను ప్రెషరుకుక్కరులో మెత్తగా ఉడికించి, పులుసును మాత్రము సన్నసెగపై ఉంచవచ్చును. మరియొక యుపాయము కలదు. వరిగడ్డికి మనకు కొదువలేదు. పెద్ద గంపలో ఎండుగడ్డి దట్టముగా పరచి, మరిగిన గిన్నెను మూతతో సహా నడుమ నుంచి, పైనను గడ్డి, గోనె కప్పినచో, ఆ వేడికే గింజ గంటలకొలది మగ్గును. యుద్ధకాలమున వంటచెరకు కరవైనప్పుడు ఐరోపావారు ఈ విధమునే అవలంబించిరి. తీసినపిమ్మట మరల బాగుగా మరిగించియే వడ్డింపవలెను. గోరువెచ్చగా నున్న కూర నిలువయుంచుట విషమునకు ఆహ్వానము.

విదేశమున నున్న బిడ్డలకొక హెచ్చరిక. అచ్చటి ఎఱ్ఱ చిక్కుడుగింజలలో, అనగా రాజ్మాలో, పచ్చిగా నున్నప్పుడు కడుపును కలచివైచు విషపదార్థము కలదు. విద్యుత్‌కుండ సన్నసెగకు అది నశింపకపోవచ్చును. గింజలను అయిదుగంటలకు తక్కువకాకుండ నానబెట్టి, ఆ నీరు పారబోసి, క్రొత్తనీటిలో పది నిమిషములకు తక్కువగాక, అరగంటయైన మరియు మేలు, తెర్లకాచిన పిమ్మటనే ఆ కుండలో వేయవలెను.

పెద్దలారా, తుదిమాట. సన్నసెగ కుండ కావలివానిని కోరదు. దానిని పొయ్యిమీద పెట్టినయామెకు మూడు గంటలు చేతికి వచ్చును. ఆ కాలమున ఆమె చదువుకొనవచ్చును, విశ్రమింపవచ్చును. కాని ఆ కాలమును మనము క్రొత్త పనులు చెప్పి హరింపరాదు. ఉలవలు ఏరుట, నానబెట్టుట, గంపలో గడ్డి పేర్చుట, ఇవి పండుముదుసలి మగవాడును చేయగల పనులు. వడ్డనలోను ఒక మాట: కోడలి వంతు ముందే తీసియుంచుడు. పూర్వము గింజ యెద్దునకు పోయి నీరు మనకు మిగిలినది. నేడు గింజ మనకు దక్కి నీరు ఆమెకు మిగులకుండ చూచుట ఇంటిపెద్ద ధర్మము.